బయటికే ఊదే ఫ్యాన్లు

డ్రయ్యర్‌లోంచి తీసిన తువ్వాళ్ళు వేడివేడిగా మడత పెడుతుండగా మార్లా కంప్యూటర్ మళ్ళీ ఆగిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. అప్పటిదాకా గదంతా నిండి ఉన్న రొద ఒక్కసారిగా తెగిపోయింది, అంతే. తెర నల్లబడింది. పొద్దున్నుంచి అది తయారు చేస్తున్న వంటింటి బొమ్మ, కిటికీలోంచి పడే ఎండతో సహా మాయమైపోయింది. మార్లా చేతిలో ఉన్న తువ్వాలు మడత పూర్తి చేసి దొంతర మీద పెట్టింది. ఇలాంటప్పుడు కూడా చేతిలో పని మధ్యలో వదలలేని తన అలవాటు మీద ఆమెకు కాస్త కోపం వచ్చింది.

కట్టబోయే వంటిళ్ళు ఎలా ఉంటాయో ముందే బొమ్మల్లో చూపించడం ఆమె ఉద్యోగం. ఊళ్ళోని ఒక అలమరాల కంపెనీకి ఇంటి నుంచే చేస్తుంది. గీయడం ఆమె గీస్తుంది. చెక్క మీద మెరుపు, గిన్నెల కింద నీడ తీసుకురావడానికి మాత్రం కంప్యూటర్ గంటల తరబడి శ్రమపడాలి. ఆ శ్రమలోనే అది కాగిపోయి, కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతోంది. కంపెనీలో ఆమెకు పని ఇచ్చే జొయాన్ నిన్న ఫోన్లో మెత్తగానే చెప్పింది. "నీ పని నాకిష్టం మార్లా. కానీ సోమవారం ఆ ఇంటివాళ్ళకి బొమ్మలు చూపించలేకపోతే నేను ఇంకొకర్ని చూసుకోవాలి. ఈ ఒక్క పనికే కాదు, ఆ తర్వాత వాటికి కూడా. ఏమీ అనుకోకు."

ఆ కంప్యూటర్ కట్టింది ఆమె భర్త డ్వేన్. పుట్టినరోజు కానుకగా కట్టి ఇచ్చాడు. పెట్టెకి ఒక పక్క గోడంతా అద్దం. అద్దంలోంచి చూస్తే లోపల రంగులు మారే ఫ్యాన్లు పూలలా తిరుగుతుంటాయి. ఇంటి కింది అంతస్తులో పెద్ద గది డ్వేన్‌ది. కొన్ని శనివారాలు అతని స్నేహితులు తమ కంప్యూటర్లను దుప్పట్లలో చుట్టి, కారులో సీటు బెల్టు పెట్టి మరీ తెచ్చుకుని, అక్కడ కలిసి ఆటలాడతారు. ఆటకి ముందు ఒకరి పెట్టె ఒకరు వంగి చూసి మెచ్చుకోవడం వాళ్ళ మర్యాద. మార్లా పెట్టె ఆ పక్కనే, బట్టలుతికే గదిలో, డ్రయ్యర్‌కీ ఇల్లు వేడిచేసే పొయ్యికీ మధ్యన ఉంటుంది.

వేడెక్కుతోందని మొదటిసారి చెప్పినప్పుడు డ్వేన్ పడీపడీ నవ్వాడు. "విస్కాన్సిన్‌లో, ఫిబ్రవరి నెలలో ఉడికిపోతున్న కంప్యూటర్ నీదొక్కటేనేమో హనీ!" రెండోసారి చెప్పినప్పుడు, "అన్నీ ఒకేసారి తెరిచి కూర్చుంటావు, అదేం చేస్తుంది పాపం" అన్నాడు. మూడోసారి పెట్టె పైన ఇంకో ఫ్యాన్ బిగించి, "నువ్వు మాత్రం లోపల చెయ్యి పెట్టకు, ఏ తీగ లాగేస్తావో" అని వెళ్ళిపోయాడు. రొద పెరిగింది, వేడి తగ్గలేదు. ఆదివారం భోజనానికి వచ్చిన అత్తగారు ఫిలిస్ ఈ సంగతి విని చెంచా కింద పెట్టేసింది. "మా ఆయన నాకు టోస్టర్ కూడా బాగు చేసి ఇవ్వలేదమ్మాయ్. వీడు చేతులారా కట్టి ఇస్తే నీకు వంకలా?"

అది వంక ఎలా అవుతుందో మార్లాకు అర్థం కాలేదు. ఉద్యోగానికి కావలసిన వస్తువుని కొనుక్కుని ఉంటే, పనిచేయకపోతే దుకాణానికి తీసుకెళ్ళి గట్టిగా అడిగేది. కానుక కాబట్టి అడగకూడదు. కానుక కాబట్టి విప్పకూడదు. అది ఆగిపోయినప్పుడల్లా ఇచ్చినవాడి మనసు నొప్పించకుండా ఆ మాట ఎలా చెప్పాలా అని ముందు ఆలోచించాలి, ఆ తర్వాతే పోయిన పని గురించి ఏడవాలి. నీటి కొళాయి కారినప్పుడూ, కారు వింతగా మూలిగినప్పుడూ ఇంతే. ఫలానా చోట తేడాగా ఉందని ఆమె చెబుతుంది. అతను కాదంటాడు. కొన్నాళ్ళకి అదే చోట చెయ్యి పెట్టి, తనే కనిపెట్టినట్టు బాగు చేస్తాడు. ఆమె థాంక్స్ చెబుతుంది. ఇంట్లో శాంతి అంటే ఇదేనని ఇన్నాళ్ళూ ఆమె తనకు తాను నచ్చచెప్పుకుంటూ వచ్చింది. ఈసారి ఆ కొన్నాళ్ళు ఆగే వీలు లేదు.

డ్వేన్ పనికి వెళ్ళి ఉన్నాడు. మార్లా తడిగుడ్డతో పెట్టె తుడుస్తూ చూసింది. గాలి లోపలికి రావలసిన ముందు వైపు జల్లెడ రేకు తళతళలాడుతోంది. వెనక, ఫ్యాన్ లేని సన్నని సందుల్లో మాత్రం డ్రయ్యర్ నుంచి ఎగిరిన నూలు పీచు బూడిదరంగు దుప్పటిలా పేరుకుంది. రోజూ డ్రయ్యర్ జల్లెడలోంచి పీచు తీసి పారేసే మనిషి ఆమె. గాలి ఎటునుంచి లోపలికి పోతే పీచు అక్కడే పడుతుంది. మరి ముందు వైపు పీచు లేదేం?

కంప్యూటర్ నడిపించి, బట్టలతో పాటు డ్రయ్యర్‌లో వేసే సువాసన కాగితాన్ని ఒక్కో ఫ్యాన్ దగ్గరా పట్టుకుంది. వెనక ఫ్యాన్ దగ్గర కాగితం బయటికి ఎగిరింది. పైనా బయటికే. ముందు వైపు కూడా, లోపలికి అంటుకోవలసింది పోయి, ఆమె మొహం మీదికే వచ్చింది. ఉన్న ఫ్యాన్లన్నీ గాలిని బయటికి విసిరేవే. లోపలికి తెచ్చేది ఒక్కటీ లేదు; వెనక సందుల్లోంచి దూరే కాస్త గాలే దానికి దిక్కు. ఎందుకో ఆమెకు మెల్లగా తెలిసింది. ఫ్యాన్‌కి వెలుగు ముఖం ఒకవైపే ఉంటుంది. రెండో వైపు అడ్డకమ్మీలూ ఒక కాగితపు బిళ్ళా. గాలి వెలుగు ముఖం నుంచి కమ్మీల వైపుకు పోతుంది. చూసేవాళ్ళకి అద్దంలోంచి అన్ని ముఖాలూ కనిపించాలని డ్వేన్ అన్నిటినీ లోపలికే తిప్పి బిగించాడు.

కరెంటు తీగ పీకి, మరలు విప్పి, ముందు వైపు ఫ్యాన్లు రెండూ తిప్పి పెట్టింది. వెనక సందులు శుభ్రం చేసింది. ఏ తీగా ఊడలేదు. కంప్యూటర్ మళ్ళీ మొదలైనప్పుడు, తెర మీద తొంభై డిగ్రీలు దాటి పరిగెత్తే వేడి అంకె డెబ్బై దగ్గర తచ్చాడి అక్కడే నిలబడిపోయింది. శనివారం మధ్యాహ్నానికి బొమ్మలన్నీ జొయాన్‌కి చేరాయి. "ఆ ఎండ భలే కుదిరింది! వచ్చే నెల పని కూడా నీకే" అని జవాబు వచ్చింది.

ఆ సాయంత్రం స్నేహితులు వచ్చారు. పైన వంటింట్లో చిల్లీ, అంటే మాంసం, చిక్కుడు గింజలు వేసిన కారప్పులుసు, ఉడుకుతోంది. బీరు కోసం బట్టల గదిలోని ఫ్రిజ్ దగ్గరికి వచ్చిన రస్ అద్దం ముందు ఆగాడు.

"ఒరేయ్ డ్వేన్, ఇలా రా! ఇవేంట్రా, ముందున్నవి వీపు చూపిస్తున్నాయి?"

డ్వేన్ వచ్చి చూశాడు. ఒక్క క్షణంలో అతనికి అంతా అర్థమైందని గిన్నెల కోసం కిందికి వచ్చిన మార్లాకు వెనక నుంచి అతని మెడ బిగియడం చూస్తేనే తెలిసింది. మిగిలినవాళ్ళు కూడా గుమ్మంలో గుమిగూడారు.

"ఆఁ, నేనే తిప్పాన్లే," అన్నాడు డ్వేన్. "గాలి ఆడట్లేదని. మా ఆవిడ పనికి అందం కన్నా అదే ముఖ్యం కదా."

మార్లా చేతిలో గిన్నెల దొంతర ఉంది. చిన్న అబద్ధం. ఎవరికీ నష్టం లేదు. నవ్వేసి పైకి వెళ్ళిపోతే చిల్లీ వేడిగా ఉండగానే అందరూ తింటారు. రేపు ఫిలిస్ కూడా ఈ కథే వింటుంది, వాడి ఓపికను మెచ్చుకుంటుంది, తను తలూపుతుంది. ఎన్నిసార్లు తలూపిందో గుర్తు చేసుకోవాలనిపించలేదు. ఈసారి తలూపితే ఆ ఫ్యాన్లు నిజంగానే డ్వేన్ తిప్పినవి అయిపోతాయి. కొన్నాళ్ళకి తనకే అలా గుర్తుంటుంది. అది తలచుకుంటే భయం వేసింది.

"నేను తిప్పాను," అంది. "డ్వేన్ కాదు. నిన్న తను పనికెళ్ళినప్పుడు."

రస్ పగలబడి నవ్వాడు. "అంటే నువ్వు కట్టిచ్చింది హెయిర్ డ్రయ్యర్ అన్నమాట, డ్వేన్! నీకెలా తెలిసింది మార్లా?"

"పీచు ఎక్కడ పడుతోందో చూశాను."

"నా కంప్యూటర్‌ని కూడా ఓసారి చూడాలి నువ్వు" అంటూ రస్ వెళ్ళాడు. మిగతావాళ్ళు అతని వెంట వెళ్ళారు. డ్వేన్ ఉండిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"వాళ్ళ ముందే అనాలా? తర్వాత నాతో చెప్తే ఏం పోయేది?"

"నీతో ముందే చెప్పాను డ్వేన్. నువ్వు నవ్వావు."

"సరే. ఇక దీంతో నాకేం సంబంధం లేదు. ఇకనుంచి ఇది నీదే, నీ ఇష్టం. ఏం పాడైనా నా దగ్గరికి రావద్దు."

దెబ్బ తగలాలని విసిరిన మాట అది. ఎప్పటిలా తను కంగారుపడి, అలా అనకు అని బతిమాలుతుందని అతను ఎదురుచూస్తున్నాడు. మార్లా ఆ మాటను నిదానంగా విన్నది. ఇచ్చిన ఇన్నాళ్ళకి ఆ కానుక ఇప్పుడే తన చేతికి అందినట్టనిపించింది.

"అలాగే," అంది. "అయితే నన్ను అడక్కుండా దాన్ని ఎవరూ విప్పకూడదు. నువ్వు కూడా."