పొట్టి ఉత్తరం

స్కేలు అంచుతో మడతమీద రెండుసార్లు గట్టిగా రుద్ది, ఇస్త్రీ ఆ కాగితాన్ని దొంతరమీద పెట్టాడు. పెట్టగానే బల్ల టక్కుమని ఎడమపక్కకి ఒరిగింది. మోచేత్తో దాన్ని సరిచేసి ఇంకో కాగితం తీశాడు. పాతికేళ్ళుగా ఆ బల్లకి ఒక కాలు పొట్టి. పాతికేళ్ళుగా మోచెయ్యే దానికి వైద్యం.

బల్ల ఉన్నది ఎమ్మెల్యే ఇంటి ముందుగదిలో, లోపలి గది గుమ్మానికి ఆనుకుని. గోడల వెంట నాలుగు బెంచీలు, మూల మంచినీళ్ళ డ్రమ్ము, డ్రమ్ముకి గొలుసుతో కట్టిన గ్లాసు. ఓట్లడగడానికి వెళ్ళినప్పుడు ఎమ్మెల్యే జనాన్ని దేవుళ్ళంటాడు. ఇంటికొచ్చిన దేవుళ్ళు గ్లాసు ఎత్తుకుపోతారని ఆ గొలుసు.

జనం అర్జీలు పట్టుకుని లోపలికి వెళతారు. ఎమ్మెల్యే వింటాడు, ఒక మాటంటాడు, ఫలానా ఆఫీసుకి సిఫారసు ఉత్తరం తయారవుతుంది, సంతకం పడుతుంది. దాన్ని మడిచి చేతికివ్వడం ఇస్త్రీ పని. అసలు పేరు ఓటర్ల లిస్టులో తప్ప ఎక్కడా లేదు. మడత అంత పదునుగా పెడతాడు కాబట్టి ఇస్త్రీ. యాభై ఆరేళ్ళు. బక్కమనిషి. కాలరు తిరగేసి కుట్టించుకున్న చొక్కా. కుడిచేతి బొటనవేలి గోరు కాగితాలమీద అరిగీ అరిగీ చదునై, చెప్పు తోలులా మెరుస్తుంటుంది.

మడతలు రెండు రకాలు. మూడు మడతలు పెడితే ఉత్తరం పొడుగ్గా వస్తుంది. సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిస్తే నాలుగు మడతలై పొట్టిగా వస్తుంది. పొడుగు ఉత్తరం వెళితే ఆఫీసులో గుమాస్తా కుర్చీ వేస్తాడు. పొట్టిది వెళితే విప్పకుండానే దణ్ణం పెట్టి పంపేస్తాడు. లోపల రాసిన మాటలు రెండింట్లోనూ ఒకటే. సంతకమూ ఒకటే.

ఈ ఉపాయం ఎవరో పెద్ద చదువు చదివినవాడు కనిపెట్టింది కాదు, ఇస్త్రీదే. మొదటిసారి గెలిచినప్పుడు రోజుకి రెండొందలమంది వచ్చిపడితే, "కాదనకుండా కాదనడం ఎలారా?" అని ఎమ్మెల్యే తలపట్టుక్కూర్చున్నాడు. అప్పటికి ఇస్త్రీ పుస్తకాలు బైండు చేసే షాపులో పనివాడు. ఎన్నికల కరపత్రాలు మడిచిపెట్టడానికి వచ్చి, ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. "మడతలో తేడా పెడదాం అన్నా," అన్నాడు. ఎమ్మెల్యే లేచి కావలించుకున్నాడు. ఆ ఒక్క కౌగిలి తిని పాతికేళ్ళు బతికాడు వెర్రిబాగులవాడు.

అప్పుడు అన్నా అనేవాడు. రెండోసారి గెలిచాక తనంతట తనే సార్ అనడం మొదలుపెట్టాడు. ఎవరూ అనమనలేదు. ఎవరూ వద్దనీ అనలేదు. మూడోసారి ఓడిపోయినప్పుడు ఈ నాలుగు బెంచీలమీదా దుమ్ము పేరుకుంది. ఆ అయిదేళ్ళూ రోజూ వచ్చి తలుపు తీసింది ఇస్త్రీ ఒక్కడే. "తోడబుట్టినవాళ్ళు కూడా మొహం చాటేశారు. నువ్వేరా నా తమ్ముడివి," అని ఏడ్చాడు ఎమ్మెల్యే. నాలుగోసారి గెలిచాడు, అయిదోసారీ గెలిచాడు, తోడబుట్టినవాళ్ళు తిరిగొచ్చి లోపల సోఫాల్లో కూర్చున్నారు. తమ్ముడు బల్లదగ్గరికొచ్చాడు. ఈ మధ్యలో మూడు జెండాలు మారాయి. ఆ మూడు రంగుల గుడ్డలూ ఇస్త్రీ వంటింట్లో మసిగుడ్డలై ఉన్నాయి.

"బాబూ, ఇది నాలుగోసారి," అంది బల్ల ముందుకొచ్చిన ముసలమ్మ. కూరగాయల బండి నడుపుతుంది. మొగుడు పోయి రెండేళ్ళయినా పింఛను రాలేదు. "ఉత్తరం పట్టుకెళితే ఆ గుమాస్తా ముట్టుకోకుండానే దణ్ణం పెడుతున్నాడు. నేనేమన్నా గోపురాన్నా?"

"మళ్ళీ రాయించారుగా, ఈసారి అవుతుందిలేమ్మా."

"అది సరేగానీ, నా పక్కబండివాడి ఉత్తరం ఇంత పొడుగుంది. నాదెందుకు ఇంత పొట్టిది?"

ఇస్త్రీ చేతిలో స్కేలు ఆగింది. పాతికేళ్ళలో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

"కాగితం తేడా అయ్యుంటుంది."

"నేను ముప్ఫై ఏళ్ళు కాగితాల్లోనే పొట్లాలు కట్టాను నాయనా. కాగితం ఒకటే." ఆవిడ బెంచీమీద చతికిలబడింది. "ఇంకాస్త కూర్చుంటాను. మళ్ళీ ఒకసారి ఆలోచించు."

నవ్వాలనిపించింది, రాలేదు. ఎందుకంటే ఆ వేళ ఇస్త్రీ జేబులోనూ ఒక అర్జీ ఉంది.

కాలువగట్టు వెడల్పు చేస్తున్నారు. గట్టుమీద ఇళ్ళు పదిరోజుల్లో ఖాళీ చెయ్యాలని నోటీసులు అంటించారు. ఇస్త్రీ వాళ్ళ రెండుగదుల ఇల్లు అందులో మూడోది. ఊరి చివర కట్టిన కొత్త క్వార్టర్లు అరవై ఉన్నాయి. ఎమ్మెల్యే ఉత్తరం ఉన్నవాళ్ళకే తాళాలు. పొద్దున అతను చెప్పులు వేసుకుంటుంటే భార్య నోటీసు తీసి చేతిలో పెట్టింది.

"ఇవాళైనా అడగండి. ఇన్నేళ్ళలో ఆయన ముందు మీరు నోరు తెరిచింది ఆవలింతకే."

"అడక్కుండానే చేస్తాడే. తమ్ముడన్నాడు నన్ను."

"అన్నాడు. ఓడిపోయినప్పుడు."

పదకొండింటికి జనం కాస్త పలచబడ్డాక ఇస్త్రీ లోపలికి వెళ్ళాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. ఈ గుమ్మం దగ్గర చెప్పులు విడవడం అతనికి అదే మొదలు. అంతకుముందు ఒకడు, కొత్త కాలనీలో రెండొందల ఓట్లు తన గుప్పిట్లో ఉన్నాయని చెప్పుకునేవాడు, ఎనిమిది క్వార్టర్లు అడిగాడు. "చూడు," అన్నాడు ఎమ్మెల్యే, తలెత్తకుండా. ఆ ఎనిమిదీ పొడుగ్గా మడిచి ఇచ్చి వచ్చాడు ఇస్త్రీ.

"ఏరా, నువ్వూ అర్జీయేనా!" ఎమ్మెల్యే పెద్దగా నవ్వాడు. కాగితం చదివాడు. లేచి వచ్చాడు. వచ్చి ఇస్త్రీ భుజంమీద చెయ్యి వేశాడు.

"మనవాడికి కాకపోతే ఎవడికి చేస్తాంరా? తప్పకుండా చెయ్యమని రాయండి," అన్నాడు పక్కనున్న టైపిస్టుతో.

లోపల "చూడు" అంటే పొడుగు. "తప్పకుండా" అంటే పొట్టి. భుజంమీద చెయ్యి కూడా పడితే ఇక ఆ కాగితాన్ని మర్చిపోవడం మంచిది. ఈ లెక్క లోకంలో ఇద్దరికే తెలుసు. ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. ఎమ్మెల్యేకి ఆ సంగతి తట్టనైనా తట్టలేదు. మోసం అతనికి ఊపిరంత అలవాటైపోయింది. మోసపోయేవాడు తెలిసినవాడా తెలియనివాడా అని చూసుకునే పాటి శ్రద్ధ కూడా లేదు. నాలుగు నెలల్లో ఎన్నికలు. ఇస్త్రీ ఇంట్లో ఉన్నవి రెండే ఓట్లు, అవి ఎటూ పోవు.

"మంచిది సార్," అన్నాడు ఇస్త్రీ.

సంతకమైన ఉత్తరం తెచ్చుకుని బల్లముందు కూర్చున్నాడు. మనసు ఇంకా లోపలి గదిలోనే ఉంది. చూసుకునేసరికి చేతులు పని కానిచ్చేశాయి. సగానికి సగం, మళ్ళీ సగం. స్కేలుతో రెండుసార్లు రుద్దడం కూడా అయిపోయింది.

విప్పాడు. కాగితం నడిమధ్య కూడిక గుర్తులా మడత. అరచేత్తో రుద్దాడు, గోరుతో సాపు చేశాడు. పోలేదు. తన మడత పోదని ఊరంతా చెప్పుకుంటారు. పోదు మరి. ఎన్నివేలమంది చేతుల్లో పెట్టాడో ఈ మడత. ఎవరెవరు ఎన్నేసి మైళ్ళు నడిచి ఆఫీసులకెళ్ళి దణ్ణాలు పెట్టించుకుని తిరిగొచ్చారో. వాళ్ళకి మంచినీళ్ళ గ్లాసు అందించి, "అవుతుందిలేమ్మా" అన్నది ఈ నోరే.

పన్నెండింటికి ఎమ్మెల్యే సభకి వెళ్ళిపోయాడు. సంతకాలై, ఇంకా మడవని ఉత్తరాలు నలభై మూడు బల్లమీద ఉన్నాయి. వాటిలో తొమ్మిది పొడుగ్గా మడవాల్సినవి, తక్కినవి పొట్టిగా. గుర్తుపెట్టుకోవడంలో ఇస్త్రీ ఎన్నడూ పొరపాటు పడలేదు. ఆ వేళా పడలేదు.

స్కేలు అందుకున్నాడు. నలభై మూడూ మూడేసి మడతలు పెట్టాడు. తొందరపడలేదు. ఒక్కొక్క మడతా రెండుసార్లు రుద్దాడు. బెంచీల దగ్గరికి తనే వెళ్ళి ఒక్కొక్కరి చేతిలో పెట్టాడు.

ముసలమ్మ తన ఉత్తరాన్ని ఎగాదిగా చూసింది. "ఎదిగిందే!"

"ఇవాళే వెళ్ళమ్మా. రేపటికి ఉంచకు."

"నీ కడుపు చల్లగుండ. నీదేమైంది, నువ్వూ లోపలికెళ్ళావుగా?"

"నాది కాగితం తేడా," అన్నాడు.

గది ఖాళీ అయింది. ఇస్త్రీ వంగి, బల్ల కాలిదగ్గర కాసేపు ఏదో చేశాడు. స్కేలు సొరుగులో పెట్టాడు. గుమ్మం బయట చెప్పులు తొడుక్కుని, ఎవరితోనూ చెప్పకుండా, మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. నోటీసు గడువు తీరగానే గట్టుమీద ఇల్లు కూల్చేశారు. మొగుడూ పెళ్ళామూ వదినగారింటి వసారాలో సామాను దించుకున్నారు.

ఆ నలభై మూడు పనులూ అయ్యాయి. ఎన్నికల ముందు ఎమ్మెల్యే మనసు కరిగిందన్నారు జనం. ముసలమ్మ తన బండికి అతని బొమ్మ కట్టుకుని తిరిగింది. ఆరోసారి పోటీచేసి, మునుపెన్నడూ రానంత మెజారిటీతో గెలిచాడు. గెలిచిన మర్నాడు పూలదండలు మోసుకొచ్చి ముందుగదిలో బల్లమీద కుప్పపోశారు.

బల్ల కదల్లేదు. ఎడమపక్క పొట్టి కాలి కింద, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం సరిగ్గా సరిపోయి ఉంది.