మొదటి దోసెడు మోదుగు నీళ్లు

నా నోరు మంచిది గాదని మా గల్లీల అందరికీ ఎరికే. అమీర్‌పేటల మా గేటు ముందట జావా నేర్చుకునే పోరగాళ్లు బండ్లు అడ్డం పెడితె నేను తిట్టే తిట్లకు, మేడ మీద పాఠం చెప్పే సారు సుత ఆగిపోతడు. గసొంటి నాకు ఆ హోళీ పొద్దున పంజాగుట్టల తిట్లు సాలలే.

మా అన్న రాజనర్సయ్యకు కుడికన్ను కనవడది. చిన్నప్పుడు హోళీ నాడు ఎవడో దుకాణంల కొన్న పచ్చరంగు తెచ్చి ముఖాన కొట్టిండు. దవాఖానల చుట్టూ తిరిగినా చూపు రాలే. అప్పటి సంది మా అమ్మ మంగవ్వ ఇంట్లకు దుకాణం రంగు రానియ్యలే. మా ఇంట్ల హోళీ అంటే మోదుగుపూల నీళ్లే. పూలు గంజుల ఉడకబెట్టాలె, రాత్రంత నాననియ్యాలె, పొద్దున గోరంత సున్నం వెయ్యాలె. పసుపు నీళ్లు కండ్ల ముందటనే నారింజ రంగుకు తిరుగుతయి. ఆ నీళ్లు పడితె ఒంటికి సల్లగుంటదని, ఎండలకు చెమటకాయలు లేవయని అమ్మ అనేది.

ఇంకోటి సుత పెట్టింది అమ్మ. ఎవ్వరు ఆడకముందే మొదటి దోసెడు అన్న ముఖాన పొయ్యాలె, అన్న మంచికన్ను తెరిచే ఉంచాలె. "వాని భయం వోవాలె" అనేది. అమ్మ పోయినంక ఆ పని నాకొచ్చింది. ఏటేటా పోస్తనే ఉన్న. అన్న ఒక్కనాడు రెప్ప కొట్టలే.

వైటూకే గోల అయిపోయి ఊరంత సాఫ్ట్‌వేర్ అంటున్న ఏడు అది. అన్నకు కోచింగ్ సెంటర్ల మధ్యల జిరాక్స్ దుకాణం. ఆ దుకాణానికి వస్తనే వసుమతిగారు మాకు కలిసింది. గుంటూరు ఆమె, కాలేజీల బాటనీ చెప్పి రిటైరై, పంజాగుట్టల కొడుకు ఫ్లాట్‌ల ఉంటది. మా మోదుగు నీళ్ల సంగతి చెప్తె ఆమె మొహం ఎలిగిపోయింది.

"ఆ పువ్వులో ఉండే రంగు చాలా మంచిదమ్మా అనుపమా. సున్నం తగిలితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పడితే వెలిసిపోతుంది. దుకాణం రంగు ఇట్లా మారదు. మా అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ ఈసారి మీ నీళ్లే" అన్నది. ఆమె మనుమరాలు హరిణికి ఏ రంగు తగిలినా ఒళ్లంత దద్దుర్లేనంట. పాపం, ఏటా హోళీ నాడు ఆ పిల్ల కిటికీకాడ కూసొని చూసుడే. "అమ్మా, నాదీ పూచి. కంట్ల పడ్డా ఏం గాదు" అని మాటిచ్చిన.

వికారాబాద్ దిక్కుకెళ్లి, ఏటా మాకు పూలు తెచ్చే సీతాబాయి బస్సుల పూల మూటలు తెచ్చింది. గంజులు గంజులు ఉడకబెట్టిన. నడుము పడిపోయింది. అన్న వచ్చి "నువ్వు జర పండుకో చెల్లె, పొద్దున సున్నం నేనేస్త, డబ్బలల్ల నేనే పోస్త" అన్నడు. ఎంత పానమో నా మీద అనుకున్న. పొద్దున చూస్తె రంగు మస్తుగ వచ్చింది, ఎర్రగ. "నీ చెయ్యి మంచిదే అన్నా!" అని మురిసిన. ఏం తెలుసు నాకు!

అపార్ట్‌మెంట్ కింద పిల్లలంత గుమిగూడిండ్రు. హరిణి తెల్లగౌను ఏసుకొని, చేతిల గిన్నె పట్టుకొని అందరికంటె ముందట నిలబడ్డది. నేను డబ్బ మూత తీసి, "ఆగుండ్రి, ముందు మా అన్నకు" అన్న.

అన్న గాబరగ భుజం మీది సంచిల చెయ్యి పెట్టిండు. "చెల్లె, ఈ సీసలకెళ్లి పొయ్యి" అన్నడు.

"ఏందే అన్నా, అన్నీ ఒక్క పూల నీళ్లే గదా!" అని డబ్బలకెళ్లి దోసెడు తీసిన.

అన్న కన్ను మూసుకున్నడు. మూసుకొని, పైన చెయ్యి అడ్డం పెట్టిండు.

పిల్లలు నవ్విండ్రు. నేను సుత నవ్విన. "తియ్యి చెయ్యి, నఖరాలు జెయ్యకు" అన్న. తియ్యలే. రెండడుగులు ఎనకకు పోయిండు. "వద్దు చెల్లె" అన్నడు, సన్నగ. నా దోసిట్ల నీళ్లు అట్లనే కారిపోయినయి.

హరిణి గిన్నె డబ్బల ముంచబోయింది. ఆ పిల్ల చెయ్యి పట్టి గుంజిన. "ఎవ్వలు ముట్టకుండ్రి!" అని అరిచిన.

పిల్లలకు షర్బత్ కోసం వసుమతిగారు నిమ్మకాయలు కోసి పెట్టింది. ఒక చెక్క తెచ్చి, హరిణి గిన్నెల డబ్బలకెళ్లి జర నీళ్లు పోసి పిండిన. రంగు మారలే. ఇంకో చెక్క పిండిన. అట్లనే ఎర్రగ ఉన్నది. వసుమతిగారు గిన్నె దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. మనుమరాలిని దగ్గరికి గుంజుకున్నది. నన్ను చెప్పుతోని కొట్టినా అంత బాధ అయ్యేది గాదు.

"ఏం కలిపినవే?" అని అన్నను అడిగిన.

"జరంతనే చెల్లె. బేగంబజార్ల కొన్న రంగుపొడి. పోయినేడు అందరూ రంగు పట్టలేదన్నరు గదా. బంజారాహిల్స్‌ల ఒక కంపెనీ ఆయన ఇయ్యాల చూస్తనన్నడు. రంగు గట్టిగుంటె వచ్చే ఏడు ఆర్డర్ మనదే. అందరి ముందట అడగకు, ఇజ్జత్ పోతది."

"ఎన్ని డబ్బలల్ల?"

"అన్నిట్ల."

నీ ఇజ్జత్ పాడుగాను! డబ్బలన్నీ మోరిల ఒంపేసిన. అన్న అడ్డం రాలే, అట్లనే నిలబడ్డడు. అప్పుడు నాకు ఆ సంచి యాదికొచ్చింది. గుంజుకొని చూసిన. తువ్వాలల సుట్టి చిన్న సీస ఉన్నది. మూత తీసి అరచేతిల పోసుకొని, నిమ్మచెక్క పిండిన. నారింజ రంగు వెలిసి, పసుపైంది.

అసలైన మోదుగు నీళ్లు. నా నీళ్లే. పొడి కలిపేముందట తన ముఖానికి సరిపోయేంత తీసి దాచుకున్నడు.

ఈ సీస లేకపోతె, ఆశపడ్డడు అనుకుందు. తెల్వక చేసిండు అనుకుందు. చెల్లెను గద, ఏదో ఒకటి అనుకొని ఊకుందు.

సీసల మిగిలిన నీళ్లు దోసిట్ల ఒంపుకొని అన్న ముందటికి పోయిన. అన్న సీస దిక్కు చూసిండు, నా చేతుల దిక్కు చూసిండు. కోపంతోని ముఖాన కొట్టిన.

అన్న రెప్ప సుత కొట్టలే.