చప్పుడు లేకుండా దిగిన ట్రాక్టరు

ఆ ఉదయం మిట్ట మీంచి ట్రాక్టరు దిగి రావడాన్ని టీచరమ్మ వంటింటి కిటికీలోంచి చూసింది. పొగమంచు ఇంకా విడలేదు. మిట్టకూ ఇంటికీ మధ్యనున్న చేలన్నీ పాలలో ముంచి తీసినట్టున్నాయి. ఆ తెలుపులోంచి మొదట ఎర్రటి ముక్కు బయటికొచ్చింది. తర్వాత పెద్ద చక్రాలు, వాటి మధ్య తమ్ముడి నీలం టోపీ, వెనక రాళ్ళు నింపిన ట్రాలీ. అంతా కలిసి నీళ్ళ మీద పడవలా తేలుతూ వస్తోంది. ఎంత బాగుందో అనుకుంది ఆమె. చేతిలోని గ్లాసు కడగడం కూడా మరిచిపోయింది.

అలా అనుకున్నందుకు తర్వాత ఎన్నో రోజులు తనను తాను తిట్టుకుంది. ఎందుకంటే మరుక్షణంలోనే ట్రాలీ పక్కకు జరిగింది. దాన్ని చూడటానికన్నట్టు ట్రాక్టరు తల తిప్పింది. తిప్పి, పడుకోబోయే పశువులా నిదానంగా ఒక పక్కకు ఒరిగింది. నీలం టోపీ గాలిలోకి లేచింది.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. ట్రాక్టరు ఒకవైపు పడితే తమ్ముడు రెండోవైపు, దున్నిన మెత్తటి మట్టిలో పడ్డాడు. అందుకే బతికాడు. తొడ ఎముక మాత్రం రెండుచోట్ల విరిగింది. డాక్టరు లోపల కడ్డీ వేసి, మూడు నెలలు కాలు కింద పెట్టొద్దన్నాడు.

"ఏమైందిరా?" అని ఆస్పత్రిలో అందరూ అడిగారు.

"బ్రేకు పడలేదు" అన్నాడు తమ్ముడు.

ఆ బ్రేకులు సరిగ్గా వారం క్రితమే బిగించారు. బిగించింది రోడ్డు వారనున్న షెడ్డులోని మెకానిక్కు. చిన్నప్పటినుంచీ జేబులో ఏదో ఒక నట్టు పెట్టుకు తిరిగేవాడు కాబట్టి అతనికి నట్టు అనే పేరు స్థిరపడిపోయింది. ఒళ్ళంతా గ్రీజు, మాటకు మాత్రం మహా పొదుపు. బోల్తా పడ్డ ట్రాక్టరును గొలుసులు కట్టి లేపిందీ, తన షెడ్డుకు లాక్కెళ్ళిందీ అతనే. కానీ తమ్ముడన్న ఆ ఒక్క మాట ఆస్పత్రి దాటి, టీ కొట్టు దాటి, చుట్టుపక్కల చేలన్నీ తిరిగింది. నట్టు షెడ్డు ముందు ఎప్పుడూ నాలుగైదు ట్రాక్టర్లు ఆగి ఉండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు.

ఇంట్లో ఉండేది అక్కాతమ్ముళ్ళిద్దరే. ఆమె బడి ఉద్యోగం ముగించుకుని వచ్చి మూడేళ్ళయింది. తొలకరి నాటికి పొలం సిద్ధం కావాలి. పై చేను ఇంకా దున్నలేదు. బాడుగకు పిలుద్దామంటే ఎవరి ట్రాక్టరూ ఖాళీ లేదు.

"నేనే నేర్చుకుంటా" అంది ఒక మధ్యాహ్నం, తమ్ముడి తలకింద దిండు సర్దుతూ.

"అరవై ఒకటి వచ్చాక ట్రాక్టరేంటక్కా! జనం నవ్విపోతారు."

"నవ్వనీ. నా వయసుకి వాళ్ళూ పళ్ళుండి నవ్వగలిగితే సంతోషమే."

"ఎవరు నేర్పుతారు నీకు?"

"అది ఎవరి షెడ్డులో ఉంటే వాళ్ళే."

తమ్ముడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "వాడి దగ్గరికి వెళ్ళకక్కా" అన్నాడు కాసేపటికి. కోపం కాబోలు అనుకుంది ఆమె. గొంతులో కోపం లేదన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

ఆమె వెళ్ళేసరికి నట్టు ఖాళీ షెడ్డు ఊడుస్తున్నాడు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నాడని నేల చూస్తేనే తెలుస్తోంది. ఆమెను చూడగానే చీపురు పక్కన పడేసి, ఐదో తరగతిలో ఆమె లెక్కల పాఠానికి లేచినట్టే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"టీచర్..."

"కూర్చో నాయనా. నువ్వు చేసిన బ్రేకుల సంగతి మాట్లాడటానికి రాలేదు. నాకు ట్రాక్టరు నేర్పుతావా?"

అతను పడేసిన చీపురు తీసి గోడకు ఆనించాడు. "నేర్పుతా. కానీ నేను చెప్పినట్టు వినాలి. బడిలో మీరు మమ్మల్ని వినమన్నట్టు."

మొదటి మూడు రోజులూ ఇంజను స్టార్టు చేయనివ్వలేదు. చుట్టూ తిప్పాడు. ఏ భాగం పేరేమిటో, అది మనిషిని ఎలా దెబ్బ తీయగలదో చెప్పాడు. ఆమె నోటుపుస్తకం తెచ్చుకుని రాసుకుంది. బ్రేకు పెడళ్ళు రెండుంటాయి, ఒక్కోటి ఒక్కో చక్రానిది. రోడ్డెక్కేటప్పుడు రెండింటినీ కొక్కెంతో కలిపేయాలి. లేకపోతే ఒక చక్రమే ఆగి బండి గిర్రున తిరుగుతుంది. దిగేటప్పుడు మొహం బండివైపు పెట్టి, పట్టుకుని దిగాలి. దిగేముందు ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకోవాలి.

నాలుగో రోజు ఇంజను వేశాడు. ట్రాక్టరు వెనక, తగిలించిన యంత్రాలను తిప్పే చిన్న ఇనుప షాఫ్టు తిరగడం మొదలుపెట్టింది. ఎంత వేగమంటే, అసలు తిరుగుతున్నట్టే లేదు. ఎండలో నిలబడి మెరుస్తున్నట్టుంది.

"ఎంత ముద్దుగా ఉందో" అంది ఆమె.

"అలాగే అనిపిస్తుంది టీచర్." అతను దూరంగా నిలబడి, పొడవాటి గోనెపట్టా ఒకటి దానిమీదికి విసిరాడు. రెప్ప వేసేలోపు పట్టా మాయమైంది. షాఫ్టుకు చుట్టుకుపోయి చిన్న ముద్దలా మిగిలింది. నట్టు ఇంజను ఆపి ఆమె మెడలోని శాలువా వైపు చూశాడు. ఆమె శాలువా తీసి, మడతపెట్టి, గోడమీద పెట్టింది. ఆ తర్వాత షాఫ్టు మీద రేకు తొడుగు బిగించి, ఇది ఊడితే పని ఆపేయాల్సిందేనని చెప్పాడు.

సీటు వెనక అతనే ఒక ఇనుప చట్రం కూడా బిగించాడు. బండి తిరగబడినా దానికింద మనిషికి చోటు మిగులుతుందట. అయితే బెల్టు పెట్టుకున్నవాళ్ళకేనట. లేకపోతే మనిషి బయటపడి ఆ చట్రం కిందే నలిగిపోవచ్చట.

తర్వాత బీడునేల మీద నడపడం. ముందుకు పోవడం రెండు రోజుల్లో వచ్చేసింది. ట్రాలీ తగిలించి వెనక్కి పోవడమే ఆమెను మూడు చెరువుల నీళ్ళు తాగించింది. స్టీరింగు కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకు పోతుంది. ఒకరోజు నీళ్ళ డ్రమ్మును పడగొట్టింది. ఇంకోరోజు షెడ్డు కంచె కమ్మీలు రెండు వంచింది.

"ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడపండి టీచర్" అనేవాడు నట్టు, డ్రమ్ము లేపి నిలబెడుతూ.

"ఐదో తరగతిలో నీకు భాగహారం ఎన్ని నెలలకొచ్చిందో గుర్తుందా?"

"నాలుగు."

"మరి నాకు నాలుగు రోజులైనా ఇవ్వు."

అతను నవ్వడం అప్పుడే మొదటిసారి చూసింది.

ఆ రోజుల్లో మధ్యాహ్నం కాస్త కునుకు తీస్తే చాలు, ఒకటే కల. పాలలాంటి మంచు, అందులోంచి ఎర్రగా తేలివచ్చే ట్రాక్టరు. ఎక్కడా చిన్న చప్పుడు లేదు. ఒరుగుతుంది, టోపీ లేస్తుంది, అప్పుడు కూడా చప్పుడు లేదు. కలలో చెవులు పనిచేయవేమో అనుకునేది. మెలకువ వచ్చాక పక్కగదిలో తమ్ముడి ఊపిరి వినిపించేదాకా గుండె కుదుటపడేది కాదు.

మూడోవారం నట్టు ఆమెను మిట్ట మీదికి తీసుకెళ్ళాడు. ఖాళీ ట్రాలీ తగిలించారు.

"దిగడం మొదలుపెట్టకముందే, ఇక్కడే, చిన్న గేరు వేయాలి. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలి. మధ్యలో మార్చొద్దు. క్లచ్చు తొక్కొద్దు. బండిని పట్టుకునేది ఇంజనే, బ్రేకు కాదు." ఇంతసేపు అతను మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు. చెప్పి, వాలుకు పైవైపున దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

ఆమె గేరు వేసి దిగడం మొదలుపెట్టింది. వాలు మొదలవగానే ఇంజను గట్టిగా మూలిగింది. బరువు మోస్తున్న మనిషి పళ్ళు బిగించి మూలిగినట్టు, దిగినంతసేపూ ఒకే శ్రుతిలో మూలుగుతూనే ఉంది. ఆ మోత సీటులోంచి ఆమె వెన్నెముకలోకి ఎక్కింది. చేల మీంచి పిట్టలు లేచిపోయాయి. దూరాన తన ఇంటి కిటికీ బొమ్మలా కనిపిస్తోంది. దాన్ని చూస్తూ చూస్తూ ఉండగా ఆమె ఒళ్ళు జల్లుమంది.

కింద బండి నిలిపి, ఇంజను ఆపేసి, తాళంచెవి జేబులో వేసుకుంది. దిగలేదు. ఇంటి కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

"భయపడ్డారా టీచర్?" అన్నాడు నట్టు దగ్గరికొచ్చి.

"లేదు. రేపు పొద్దున నువ్వు దీన్ని దించుతావా? ఇలాగే, ఇదే గేరులో. నేను ఇంట్లో ఉంటాను."

ఎందుకని అతను అడగలేదు. తలొంచుకుని, చేతిలోని స్పానరు మీది గ్రీజు గుడ్డతో తుడిచాడు. అది ముందే శుభ్రంగా ఉంది.

మర్నాడు మంచు అలాగే ఉంది. ఆమె వంటింటి కిటికీ దగ్గర నిలబడింది. పక్కగదిలో తమ్ముడు దిండుకు చేరగిలబడి టీ తాగుతున్నాడు. మధ్య తలుపు తీసే ఉంది. ఇంకా ఏమీ కనిపించకముందే చప్పుడు వచ్చింది. మొదట దూరపు ఉరుములా, తర్వాత దగ్గరగా, ఇంకా దగ్గరగా. కిటికీ అద్దం సన్నగా వణికింది. అరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. ఆ తర్వాతే మంచులోంచి ఎర్రటి ముక్కు బయటికొచ్చింది.

ఆమె వెనక్కి తిరిగింది. తమ్ముడి చేతిలో కప్పు గాలిలోనే ఆగిపోయింది. అతనూ ఆ చప్పుడే వింటున్నాడు. ట్రాక్టరు కిందికి చేరి ఆగింది.

"ఆ రోజు నాకేమీ వినబడలేదురా" అంది ఆమె.

తమ్ముడు కప్పు కింద పెట్టాడు. "గేరు తీసేసి న్యూట్రల్లో దించాను. ఎప్పుడూ అలాగే దించుతా. డీజిలు కలిసొస్తుందని మొదలుపెట్టా, తర్వాత అలవాటైపోయింది. ఆ రోజు రాళ్ళ బరువు వెనకనుంచి నెట్టింది. బ్రేకు బాగానే పట్టింది. పట్టాకే ట్రాలీ అడ్డం తిరిగింది."

"మరి బ్రేకు పడలేదన్నావు?"

"నేను అనలేదక్కా మొదట. స్ట్రెచరు మీద ఉండగా ఎవరో, 'బ్రేకు పడలేదా?' అన్నారు. అవునన్నాను. ఆ మాట నోటికి తేలిగ్గా వచ్చింది. ముప్పై ఏళ్ళు నడిపినవాడిని, న్యూట్రల్లో దిగి బోల్తా పడ్డానంటే ఎక్కడ తలెత్తుకుంటాను? తర్వాత అందరూ అదే అంటుంటే వెనక్కి తీసుకోవడం చేతకాలేదు."

ఆమె మంచం చివర కూర్చుంది. తిట్టాలనే అనుకుంది. కానీ ఎదురుగా యాభై ఆరేళ్ళ మనిషి దుప్పటి అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉన్నాడు.

"వాడి షెడ్డు ఎలా ఉందో తెలుసా?" అంది చివరికి. "ఊడ్చిందే ఊడుస్తున్నాడు."

"నువ్వే చెప్పక్కా. నాకు మొహం చెల్లదు."

"నేను చెబితే చాడీ అవుతుంది. నువ్వే చెప్పాలి."

కాలు కింద పెట్టొచ్చని డాక్టరు చెప్పిన రోజే తమ్ముడు చంకకర్రలు తీసుకున్నాడు. ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని షెడ్డుకు తీసుకెళ్ళమన్నాడు.

"ఒకటే సీటు, ఒకడే మనిషి" అంది ఆమె. "నడువు."

షెడ్డు దాకా నడవడానికి అరగంట పట్టింది. మట్టి దారిలో చంకకర్రలు, వాటి వెనక ఆమె అడుగులు. దారిలో నాలుగుసార్లు ఆగాడు, మూడుసార్లు వెనక్కి చూశాడు. షెడ్డు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఐదారుగురు రైతులున్నారు. తమ్ముడు వాళ్ళందరికీ వినబడేలా, పూర్తిగా చెప్పాడు. డీజిలు సంగతి కూడా దాచలేదు.

"తప్పు నాదే. నట్టు బ్రేకులకు ఏమీ కాలేదు" అని ముగించాడు.

నట్టు అప్పటికే షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అతని చేతిలోంచి స్పానరు జారి కింద పడింది.

"గేరు న్యూట్రల్లో ఉందని ఆ రోజే చూశానండీ" అన్నాడు మెల్లగా.

"చూసి ఎందుకూరుకున్నావు?" అన్నాడు తమ్ముడు. "పదిమందిలో పెట్టి నన్ను దులిపేయాల్సింది."

"మంచాన పడ్డ మనిషితో ఏం పోట్లాడతాం." అంతటితో ఆగి, ఇంకా ఏదో చెప్పాలని వెతుక్కుని, "నాకూ కోపం వచ్చింది లెండి. చాలా వచ్చింది" అన్నాడు.

కొట్టు దగ్గరినుంచి ఒక పెద్దమనిషి లేచి వచ్చి, తన ట్రాక్టరు క్లచ్చు జారుతోందనీ, రేపు తెస్తాననీ అన్నాడు. వెళ్ళబోతూ ఆగి, తనూ ఆ మిట్ట న్యూట్రల్లోనే దించుతానని నేల చూస్తూ ఒప్పుకున్నాడు. ఇంకొకతను దగ్గాడు. ఎవరెవరు అలా దించుతారో టీచరమ్మకు మొహాలు చూస్తే తెలిసిపోయింది. తరగతి గదిలో ఇంటిపని చేయనివాళ్ళ మొహాలు అలాగే ఉండేవి.

నాలుగు రోజుల తర్వాత ఆమె పై చేను దున్నింది. బెల్టు పెట్టుకుని, చిన్న గేరులో, ఒక్కతే. మేఘాలు ఎంత కిందికి దిగాయంటే చెయ్యి చాస్తే అందేలా ఉన్నాయి. నాగళ్ళ వెంట నల్లటి మట్టి మెత్తగా తిరగబడుతోంది. ఎక్కడినుంచి వచ్చాయో తెల్లటి కొంగలు, చక్రాల వెనక కొంత ఎడంగా, తోడుకు వచ్చినట్టు నడుస్తున్నాయి. ఒక చాలు చివరికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఎంతసేపు గడిచిందో ఆమెకు తెలియలేదు. తనే ట్రాక్టరును నడుపుతోందో, నేలే నిదానంగా తన కిందినుంచి వెనక్కి జరిగిపోతోందో కూడా తెలియలేదు.

సాయంత్రం కాకముందే చివరి చాలు పూర్తయింది. అప్పుడు మొదటి చినుకు బానెట్ మీద పడి చుయ్యిమంది.