మూడు ఫ్యూజుల మూట

యాకయ్య ఒక కాలికి బూటు తొడిగాడు. రెండోది చేతిలో పట్టుకుని, రోజూ అనే మాటే అన్నాడు.

"ఇయ్యాల నేను రాకపోవచ్చు. మనసుల అనుకోని ఉండు."

సద్ది కడుతున్న మల్లక్క మొగుడి వైపు చూడలేదు. "పొద్దుగాల్నే ఏం మాటలయ్యా?"

"ముందే అనుకుంటే భయం జర తక్కువైతది."

"నీకు తక్కువైతది. నాకు?"

నిరుడు తోటి లైన్‌మన్ పాండురంగం స్తంభం మీద ఉండగానే, పని అయిపోయిందనుకుని కింద ఎవరో ఫ్యూజులు పెట్టేశారు; కరెంటు కొట్టి అతని ప్రాణం పైనే పోయింది. అప్పటి నుంచీ యాకయ్యకు ఇదొక అలవాటు. ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలోంచి మూడు ఫ్యూజులూ పీకి, తువ్వాలలో మూటగట్టి, నడుముకు చుట్టుకునిగానీ స్తంభం ఎక్కడు. ఫ్యూజులు తన చేతిలో ఉన్నవి. కింద నిలబడ్డవాడి బుద్ధి తన చేతిలో లేదు. లేనిదానికి ఫికర్ ఎందుకు? వర్ధన్నపేట రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ ఇదే వల్లె వేసుకున్నాడు. ఎడమ భుజం లాగింది, చెమట పట్టింది. ఇది భయమే, రోజూ ఉండేదే అనుకుని ఇంకా గట్టిగా తొక్కాడు.

నిన్నటి గాలిదుమారానికి తీగ తెగి, రైతు కొమురెల్లి పొలంలో మోటారు నడవడం లేదు. వరి పొట్ట మీదుంది, నీళ్లు ఆగితే పంట పోయినట్టే. మూట కట్టడం చూసి కొమురెల్లి నవ్వాడు.

"యాకన్నా, స్తంభమెక్కుతానవా, పెండ్లికి పోతానవా? గింత ముస్తాబేందే?"

"నవ్వుతె నవ్వు. డబ్బ కాడ కూసో. ఎవ్వల్ని ముట్టనియ్యకు."

పైకెక్కి బెల్టు బిగించాడు. తెగిన తీగ లాగి కడుతుంటే చెవులు మాత్రం కిందే ఉన్నాయి. కరెంటు వస్తే ముందు పక్క పొలాల మోటార్లు గుయ్యిమంటాయి. రోడ్డు మీద జీపు మోత విని గుండె ఆగినంత పనైంది.

అప్పుడే కొమురెల్లి లేచాడు. చేతిలో ఇనుపతీగ ముక్క. ఫ్యూజు లేకున్నా తీగముక్క దోపి కరెంటు తెచ్చుకోవడం రైతులకు కొత్త కాదు. డబ్బా వైపే నడిచాడు. యాకయ్యకు అరిచే వ్యవధి కూడా లేదు. రెండు చేతులా స్తంభాన్ని కరుచుకుని కళ్లు మూసుకున్నాడు.

ఏమీ కాలేదు.

కళ్లు తెరిస్తే, కొమురెల్లి ఆ తీగతో డబ్బా తలుపును మెలిపెట్టి కట్టేస్తున్నాడు.

"గాలికి కొట్టుకుంటాంది అన్నా. ఎవడన్న తెరిచున్నదనుకోని చెయ్యి వెడ్తడని."

పని ముగించి యాకయ్య దిగాడు. స్తంభానికి ఆనుకుని కూర్చుని మూట ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఫీజులు తే అన్నా, మడి ఎండుతాంది."

"ఆగు తమ్మీ, జర దమ్ము తీస్కోనియ్యి." చేతులు చాచి చూసుకున్నాడు. "సూడు, వణుకుత లేవు."

భుజం నొప్పి ఛాతీలోకి దిగింది. భయమే, పోతుంది అనుకున్నాడు.

కొమురెల్లి పోయి డబ్బా తలుపు విప్పాడు. "తే అన్నా," అన్నాడు వెనక్కి తిరగకుండానే. మళ్లీ అన్నాడు. తర్వాత వచ్చి యాకయ్య ముందు వంగి కూర్చున్నాడు, భుజం పట్టుకుని కదిపాడు.

పొద్దుగూకే వేళకు ఎడ్లబండి యాకయ్య శవాన్ని రోడ్డెక్కించింది. స్తంభం కింద తువ్వాల మూట అలాగే ఉంది. పక్కన మడి పగుళ్లు బారుతున్నా, కొమురెల్లి దాని ముడి విప్పలేదు.