నలభై వాక్యాల కార్డు

మా పర్యాటక సమాచార కేంద్రంలో అద్దం వెనక రెండు కుర్చీలుండేవి. ఒకటి నాది, ఒకటి బాబాయిది. వచ్చే నెల నుంచి ఒకటే ఉంటుందని మేనేజరు పైనుంచొచ్చిన కాగితం చదివి వినిపించాడు. మూడు వారాలు ఇంగ్లీషు క్లాసులు, ఆ పైన పరీక్ష. నెగ్గినవాళ్ళు కౌంటర్లో ఉంటారు, తప్పినవాళ్ళు గోడౌనుకి పోతారు.

గోడౌనంటే మరుగుదొడ్ల వెనక గది. కిటికీ లేదు. ఒక ట్యూబులైటు, నేల నుంచి కప్పుదాకా కరపత్రాల కట్టలు, ఆ కట్టలు కొరికే ఎలకలు. మా టైపిస్టావిణ్ణి నాలుగేళ్ళ క్రితం అక్కడికి పంపారు. ఇప్పుడావిడ తనతో తనే మాట్లాడుకుంటుంది, తనే జవాబు చెప్పుకుంటుంది. అలాగని నేను జనాన్ని ప్రేమించి కౌంటర్లో కూర్చున్నదాన్నేం కాదు. కోట గుమ్మంలో నిలబడి కోటెక్కడని అడిగేవాళ్ళకీ, పటం తలకిందులుగా పట్టుకుని పటం తప్పనేవాళ్ళకీ పన్నెండేళ్ళుగా దారి చెబుతున్నాను. ఒక్కడికీ బుర్రలో గుజ్జు లేదు. అయినా నాకు మనుషుల మొహాలు కావాలి. తిట్టుకోవడానికైనా ఎదురుగా ఒకరుండాలి కదా.

బాబాయంటే నాకు చుట్టం కాదు. ఆఫీసులో అందరికీ బాబాయే. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఇంగ్లీషులో ఆయనకొచ్చినవి ‘కమ్’, ‘గో’, ‘వెరీ నైస్’. మిగతాదంతా చేతులతో చెప్పేవాడు. చేతులు చాలకపోతే పాత కాగితం వెనక పెన్సిలుతో దారి గీసిచ్చేవాడు. అదీ చాలకపోతే లేచి, చెప్పులేసుకుని, వాళ్ళతో వీధి చివరిదాకా నడిచి వెళ్ళేవాడు. ఆయన తిరిగొచ్చేదాకా ఆయన లైనూ నా మీదే పడేది. ఆయన మంచితనం మీద నాకుండే ఒళ్ళుమంట ఇంతా అంతా కాదు. ఒకరు మంచివాళ్ళైతే పక్కవాళ్ళకి పని పెరుగుతుందని ఎవరూ చెప్పరేం?

ఇంగ్లీషు నేర్పడానికొచ్చిన మాస్టారు సూటు వేసుకుని వచ్చాడు. మొదటిరోజే ఇద్దరికీ ప్లాస్టిక్ తొడుగేసిన కార్డులు పంచాడు. దాని మీద నలభై వాక్యాలు, వరస నంబర్లతో.

“ఇంగ్లీషంటే సముద్రం అని భయపెడతారు. అదేం లేదు. కౌంటర్లో మనిషికి నలభై వాక్యాలు చాలు. ఎవరొచ్చినా, ఏమడిగినా, జవాబు ఈ నలభైలోనే ఉంటుంది,” అన్నాడు.

“అందులో లేనిది అడిగితేనో సార్?” అన్నాడు బాబాయి.

“అడగరు.”

అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదే. ఆ పెద్దమనిషి ఒక్కరోజు మా అద్దం వెనక కూర్చుని ఉంటే తెలిసేది జనం ఏమేం అడుగుతారో. ఒకావిడ నన్ను ఇక్కడి పావురాలకి ఏ దేశం గింజలు వేస్తారని అడిగింది. దానికి ఏ నంబరు వాక్యం చెప్పాలట?

రోజూ మధ్యాహ్నం మూడింటికి మేడమీది గదిలో క్లాసు. మాస్టారి సూత్రాలు మూడు. నవ్వు చెదరకూడదు. ‘లేదు’, ‘తెలీదు’ అనే మాటలు నోట్లోంచి రాకూడదు. కుర్చీలోంచి లేవకూడదు. ముందు స్వాగతం, తరవాత సందర్శకుల ఫారం, అంటే ఏ దేశం, ఎంతమంది, ఎన్నాళ్ళుంటారు. అది నిండాకే అసలు సంగతి. నన్ను టూరిస్టులా నటించమనేవాడు, బాబాయిని కౌంటర్లో కూర్చోబెట్టేవాడు. నేను మ్యూజియం ఎక్కడని అడిగేదాన్ని. బాబాయి నవ్వేవాడు, కార్డు చూసేవాడు, చెమట తుడుచుకునేవాడు, చివరికి లేచి కిటికీ దగ్గరికి నడిచి, “అదిగోనమ్మా, ఆ పచ్చ రేకుల పక్కన!” అనేవాడు.

“కూర్చోండి! కూర్చోండి సార్! పరీక్షలో లేచారంటే సున్నా,” అని మాస్టారు అరిచేవాడు.

నేను పడీ పడీ నవ్వాను. దాచడమెందుకు, లోపల సంబరపడ్డాను కూడా. ఆయన ఎన్నిసార్లు లేస్తే నా కుర్చీ అంత గట్టిపడుతుంది.

నేను మాత్రం నలభైనీ కంఠతా పట్టాను. కూర తరుగుతూ వల్లించాను, బట్టలారేస్తూ వల్లించాను. మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, “ఎవరితోనే ఆ ముచ్చట్లు?” అంది.

“దొరలతో అత్తయ్యా.”

“దొరలకి చెబుతూ చెబుతూ పప్పు మాడ్చకు,” అనేసి వెళ్ళిపోయింది.

మూడో వారం చివర మాస్టారు పరీక్ష సంగతి బయటపెట్టాడు. రాతపరీక్ష ఉండదట. వచ్చే వారంలో ఏదో ఒక రోజు టూరిస్టు వేషంలో ఒకరొస్తారు. వాళ్ళే పరీక్షాధికారి. ఎవరో చెప్పరు, ఎప్పుడో చెప్పరు.

“ఒక్క కిటుకు చెబుతా. మీరు తడబడేలా చెయ్యడానికి వాళ్ళు కంగారు నటిస్తారు, కోపం నటిస్తారు, అవసరమైతే ఏడుస్తారు. మీరు కార్డు దాటకండి,” అన్నాడు.

చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత ఆ వారం మా ఆఫీసులో కళ్ళారా చూడొచ్చు. అద్దం ముందు ఎవరొచ్చినా వీడేనా, ఆవిడేనా అని అనుమానమే. బస్సు వేళలడిగిన కుర్రజంటకి స్వాగతం రెండుసార్లు చెప్పాను. మరుగుదొడ్డి ఎటని అడిగిన పెద్దాయనతో మొత్తం ఫారం నింపించాను. పాపం, ఆయన కాళ్ళు మార్చి మార్చి నిలబడి నింపాడు. నేను నవ్వు చెదరనివ్వలేదు. మేనేజరు మేడమెట్ల మీంచి తొంగిచూసి తల ఊపేవాడు. వాడికి ఇంగ్లీషులో నాకంటే రెండు ముక్కలు ఎక్కువ వచ్చు, ఆ రెండింటితోనే మేనేజరయ్యాడు.

గురువారం పదకొండింటికి ఒక ముసలి దొర వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్నాడు. అద్దానికి మొహం ఆనించి గబగబా ఏదో అన్నాడు. నాకర్థమైంది. తన భార్య కనిపించడం లేదని. కోట మెట్ల మీద కూర్చోబెట్టి టికెట్లకి వెళ్ళొచ్చేసరికి లేదని.

నా గుండె ఝల్లుమంది. ఆవిడ కోసం కాదు. వచ్చేశాడురా బాబూ, పరీక్షొచ్చేసింది అని. గుండీలు తప్పుగా పెట్టుకోవడం చూసి, ఆహా, ఎంత పకడ్బందీగా వేషం కట్టాడు అనుకున్నాను కూడా.

నవ్వాను. “వెల్‌కమ్” అంటూ ఒకటో వాక్యం చెప్పాను. రెండోది చెప్పి ఫారం అద్దం కిందనుంచి తోశాను. మై వైఫ్ అన్నాడాయన మళ్ళీ. నాలుగో వాక్యం చెప్పాను, మీరు ఈ ఊళ్ళో ఎన్నాళ్ళుంటారని. మూడోసారి చెప్పాడు. మీ ఆందోళన మాకు అర్థమైంది అనే ముప్ఫై ఒకటో వాక్యం ఒక్క తడబాటు లేకుండా చెప్పాను. ఆయన అరచేత్తో అద్దం మీద కొట్టాడు. నేను నవ్వుతూనే ఉన్నాను.

బాబాయి పెన్సిలు కింద పెట్టాడు.

“అమ్మాయ్, ఆయన చేతిలో రెండు టోపీలున్నాయి చూశావా? ఒకటి ఆడవాళ్ళది.”

“బాబాయ్, కూర్చో! ఇది అదే. పరీక్ష,” అని పళ్ళ మధ్య నుంచి అన్నాను.

“కాళ్ళు అలా వణకడం ఎవడూ నటించలేడమ్మా,” అంటూ చెప్పులేసుకున్నాడు. పక్క తలుపులోంచి బయటికెళ్ళి దొర మోచెయ్యి పట్టుకుని, “కమ్, కమ్,” అన్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు. ఫారం నా ముందు ఖాళీగా ఉంది. వెర్రి బాగులాయన, చేజేతులా సున్నా తెచ్చుకున్నాడు అనుకున్నాను. సత్యప్రమాణంగా చెబుతున్నాను, అప్పుడు అదే అనుకున్నాను.

రెండు గంటలకి బాబాయి ఒక్కడే తిరిగొచ్చాడు, మోకాళ్ళదాకా దుమ్ముతో.

“దొరికింది. రేవు దగ్గర పడవల షెడ్డులో కూర్చునుంది, ఒక కాలికే చెప్పుంది. ఆవిడకి మతిమరుపట పాపం. దారి తప్పినవాళ్ళు ఎప్పుడూ పల్లానికే నడుస్తారు, అందుకే అటు తీసుకెళ్ళా. ఆయన ఆ టోపీ ఆవిడ తలకి పెట్టి ఏడ్చాడమ్మాయ్. హోటల్లో దింపొచ్చాను.”

మంచినీళ్ళ సీసా ఆయనవైపు జరిపాను.

శనివారం మాస్టారు ఫోను చేశాడు. పరీక్షాధికారికి కుదరలేదట, పరీక్షే రద్దట, ఎవరిని ఉంచాలో మేనేజరే తేల్చుకోవాలట. ఆ వారమంతా మా ఊరికి ఏ వేషగాడూ రానే లేదు. కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డ ఆ పెద్దాయనతో సహా వచ్చినవాళ్ళందరూ నిజం మనుషులే. మాస్టారి సూటుకి నిప్పంటించాలనిపించింది.

సోమవారం మేనేజరు నన్ను పైకి పిలిచాడు. దొర పై ఆఫీసుకి ఉత్తరం రాశాడు. నాలుగే వాక్యాలు. నా భార్య తప్పిపోయిందని మూడుసార్లు చెప్పాను. కౌంటర్లో ఉద్యోగి నవ్వుతూ నన్ను ఎన్నాళ్ళుంటారని అడిగారు. తరవాత మీ ఆఫీసువాళ్ళే ఆమెను వెతికి పెట్టారు, అందుకు కృతజ్ఞతలు. ఆ నవ్వును మాత్రం నేను బతికుండగా మరచిపోలేను.

“ఎవరు మీ ఇద్దర్లో? నేనారోజు సెలవులో ఉన్నా,” అన్నాడు మేనేజరు. నేను నోరు తెరిచేలోగా తనే అందుకున్నాడు. “ముసలాయనే అయ్యుంటాడులే. మాట అర్థం కాక ఇకిలించుంటాడు. జరిగింది ఇంగ్లీషులో రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి తీసుకురండి. అతను గోడౌనుకెళ్ళాడంటే పైవాళ్ళు ఊరుకుంటారు.”

నేను మెట్లు దిగాను. పదిహేడు మెట్లు. అన్ని మెట్లలో ఒక్కచోటైనా వెనక్కి తిరిగి, కాదండీ, నేనే అనొచ్చు. ఆయనెలాగూ పరీక్ష నెగ్గేవాడు కాదుగా, ఎలాగూ గోడౌనే రాసిపెట్టుందిగా అని లెక్కలేసుకుంటూ దిగాను. తేలు కుట్టిన దొంగకి కూడా ఇంత తర్కం ఉండదు.

కూర్చుని రాశాను. కార్డు ముట్టుకోలేదు. ఆ నలభై వాక్యాల్లో ఒక్కటీ దీనికి పనికిరాదు, అన్నీ నా సొంతమే. వచ్చిన సందర్శకుణ్ణి సీనియరు ఉద్యోగి, అంటే బాబాయి, చూసుకున్నారని, ఆయనకి భాష అర్థం కాలేదని, నవ్వుతూ ఫారం నింపమన్నారని, నేను జోక్యం చేసుకుని విషయం గ్రహించి ఆయన్ని రేవువైపు వెతకడానికి పంపానని. పన్నెండేళ్ళలో నేను ఇంగ్లీషులో సొంతంగా రాసిన మొదటి పేజీ. చకచకా సాగిపోయింది. అబద్ధానికి అంత బాగా ఇంగ్లీషు వస్తుందని నాకు తెలీదు.

కాగితం బాబాయి ముందు పెట్టాను.

“సంతకం కావాలి బాబాయ్. మొన్నటి సంగతి, మేనేజరు రాసిమ్మన్నాడు.”

ఆయన కళ్ళజోడు తగిలించుకుని కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, పెళ్ళిఫొటో చూసినట్టు.

“ఒక్క కొట్టివేత లేదు! అంతా నువ్వే రాశావూ?”

“ఊఁ.”

“చదివి చెప్పమ్మా, ఏముందో.”

వేలు పెట్టి వరసవరసా చదివినట్టు నటించాను. దొరొచ్చాడని, భార్య తప్పిపోయిందన్నాడని, బాబాయి ఆయన్ని తీసుకెళ్ళి రేవు దగ్గర వెతికి పట్టుకున్నాడని చెప్పాను. మూడో వరస మీద వేలున్నప్పుడు నా గొంతు వాక్యం మధ్యలో ఒకసారి ఆగింది. ఆయన దాన్ని వేరేలా అర్థం చేసుకున్నాడు.

“నువ్వు ఫారం అడిగిన సంగతి రాయలేదు కదా?” అన్నాడు మెల్లిగా, అటూ ఇటూ చూసి.

“లేదు బాబాయ్.”

“మంచి పని చేశావ్. నేనూ ఎవరికీ చెప్పలేదు. పరీక్ష భయంలో ఎవరికైనా అలాగే అవుతుంది. నిన్ను గోడౌనులో వేస్తారేమోనని రెండు రోజులుగా నాకు ఒకటే బెంగ. నువ్వక్కడ ఉండలేవమ్మా, నీకు నలుగురు మనుషులు కావాలి.”

నేను చూపించిన చోట సంతకం పెట్టాడు. పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు, మన అక్షరాలే, ఆ ఇంగ్లీషు కింద. చెయ్యి చాచి ఆ కాగితం లాక్కుని చింపడానికి నాకు బోలెడు వ్యవధి ఉంది. ఆయన సంతకాన్ని నిదానంగా పెట్టాడు, సిరా ఆరేదాకా ఊదాడు కూడా. నామీద నాకు కలిగిన అసహ్యం ముందు నేను ఇన్నేళ్ళూ జనం మీద పడ్డ విసుగు ఏపాటిది! అంత అసహ్యమూ నా చేతిని ఒక్క అంగుళం కదిలించలేదు.

ఆయన కలానికి మూత పెట్టి నా చేతికిచ్చాడు. అద్దం అవతల ఎవరో పటం తలకిందులుగా పట్టుకుని నిలబడ్డారు.

“నేను చూస్తాలే, నువ్వెళ్ళి ఇచ్చేసి రా,” అన్నాడు బాబాయి. నేను కాగితం తీసుకుని మెట్లెక్కాను.