నేల తాగని నూనె

నోఎమీ వేళ్ళు మడుస్తూ నేల చేసిన నేరాలన్నీ వరసపెట్టి చెబుతోంది.

"చలికాలం వచ్చిందంటే ఐసుగడ్డ. పులుసు చుక్క పడిందా, చచ్చేదాకా మచ్చ. తెల్ల మేజోళ్ళతో నడిస్తే సాయంత్రానికి ఎర్రమట్టి. ఈ ఇంట్లో ఒక్క కుర్చీ అయినా నాలుగు కాళ్ళ మీద నిలబడుతుందా? కాయితం మడిచి కింద పెట్టని కుర్చీ ఏదో చూపించండి చూస్తాను! ఇప్పుడు అమ్మ తుంటి కూడా విరగ్గొట్టింది. ఇంకా ఏం చెయ్యాలంటారు అది?"

వంటింటి బల్ల దగ్గర కూచుని వింటున్నవాడు ఆమె అన్న ఎవరార్దో. అతని భార్య ఒరాలియా తొట్టి దగ్గర వాళ్ళకి వీపు తిప్పి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తుంటి మాట వినబడినప్పుడల్లా ఆమె చేతులు ఆగిపోతున్నాయి.

"నలభై అయిదేళ్ళలో దీని మీద ఎవరూ జారి పడలేదే" అన్నాడు ఎవరార్దో.

"అమ్మ పడిందిగా!"

"మే నెలలో మీ మాంటెరే ఎండలకి తాళలేక నీ పిల్లలు ఇక్కడికొచ్చి, చొక్కాలు విప్పేసి ఈ నేల మీదే దొర్లుతారు కదా. అప్పుడు మంచిదేనా ఇది?"

"పిల్లలు దొర్లడానికి అమ్మని మంచాన పడేసుకుందామా? డాక్టరు చెప్పాడు కదా, నాలుగు కాళ్ళ కర్ర పట్టుకుని నడిపించాలని. ఈ ఎగుడుదిగుళ్ళ మీద ఆ కర్ర ఎక్కడ ఆనుతుంది? నున్నటి కొత్త టైల్స్ వేయించెయ్. ఒరాలియా, నువ్వైనా చెప్పవేం? నెలకోసారి మోకాళ్ళు అరిగేలా తుడిచేది నువ్వేగా!"

"మీ ఇష్టం" అంది ఒరాలియా, వెనక్కి తిరక్కుండానే. ఇంకేం అంటుంది? తేలు కుట్టిన దొంగ అరుస్తాడా?

నిజం చెప్పుకోవాలంటే, నోఎమీ చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటే. మిగతా తిట్లన్నీ ఆ నేలకి తగినవే. అది చల్లగా ఉంటుంది, ఏది పడితే అది తాగుతుంది, అంచులు పెళుసు. ఇలాంటి మట్టి బిళ్ళలకి పేరుబడ్డ సాల్టీయో ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఇవేం కొత్త కాదు. కానీ జారడం మాత్రం దాని గుణం కాదు. గాజుపూత లేని మట్టి బిళ్ళ, నీళ్ళు పడ్డా సరే, కాలును పట్టుకుంటుంది. దాన్ని జారేలా చెయ్యాలంటే మనిషే పూనుకోవాలి. అలా పూనుకున్న మనిషి ఒరాలియా.

ఆ బిళ్ళల్ని చేసింది ఆమె మామగారు, పోయిన దోన్ సెవెరియానో. ఎవరార్దో కడుపులో ఉన్నప్పుడు ఊరి బయట గుంటలోంచి మట్టి తెచ్చి, చెక్క చట్రంలో చేత్తో అదిమి, పెరట్లో ఎండబెట్టి, బట్టీలో కాల్చి, తనే పరిచాడు. ఎండుతుండగా కోళ్ళు తొక్కినవి తొక్కాయి, ఒకచోట కుక్క కూడా నడిచిపోయింది. వాటిని ఆయన పారెయ్యలేదు. భార్య ఎనెదీనా వాటిని ఏరి మరీ గుమ్మం దగ్గర వేయించుకుంది. అప్పట్నుంచీ ఆ నేల ఆవిడకి కన్నబిడ్డ కింద లెక్క. కోడలు కాపురానికొచ్చిన వారంలోనే పక్కన కూచోబెట్టుకుని పాఠం చెప్పింది. అవిసె నూనెలో కిరోసిన్ కలిపి, గోరువెచ్చగా కుంచెతో పూయాలి. గంటసేపు నేలని తాగనివ్వాలి. తాగనిదాన్ని మోకాళ్ళ మీద కూచుని పొడిగుడ్డతో లాగెయ్యాలి. చలికాలంలో నేలకి దాహం ఉండదు, కాబట్టి చలికాలంలో అసలు పుయ్యకూడదు.

అంతా తెలిసే పూసింది ఒరాలియా. డిసెంబరులో తొమ్మిది రాత్రులు, రోజుకో ఇంట్లో మరియమ్మ తల్లికి బస అడుగుతూ చేసే పోసాదా ప్రార్థనలకి ఈసారి మూడో రోజు వంతు తమ ఇంటిదని పదిహేనో తారీకున తెలిసింది. వీధి వీధంతా పాటలు పాడుకుంటూ ఇంట్లోకొస్తుంది. నేల చూస్తే బూడిద రంగులో పొడిబారి ఉంది. "ఈ చలిలో వద్దు పిల్లా, చీపురుతో ఊడిస్తే చాలు. మరియమ్మ తల్లి నేల చూసి రాదు" అంది అత్తగారు. వద్దన్న పనే చెయ్యాలనిపించే రోజులు కొన్ని ఉంటాయి మరి. పదిహేడో తారీకు మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే ఒరాలియా వంటింటితో కలిసిన పెద్ద గదంతా నూనె పూసేసింది. గంటయ్యాక చూస్తే నేల తాగింది సగమే. మిగతాది పైన తేలి తళతళలాడుతోంది. ఆ తళతళ బాగుందనిపించింది. మోకాళ్ళు నొప్పి. పక్కింటి తోమాసా గోడ మీదుంచి కాఫీకి పిలిచింది.

తోమాసా ఇంట్లో ఒరాలియా ఏం మాట్లాడిందో కూడా చెప్పెయ్యాలి. "ఆ ముసలమ్మకి నాకంటే ఆ మట్టి ముక్కలే ఎక్కువే బాబూ! నేను చచ్చినా ముందు నేల తుడవమంటుంది" అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. రెండో కాఫీ తాగారు.

తిరిగొచ్చేసరికి అత్తగారు దోన్యా ఎనెదీనా పొయ్యి దగ్గర ఒక పక్కకి పడి ఉంది. కళ్ళు మూసుకుని మూలుగుతోంది. ఫోను గుమ్మం పక్కనే ఉంది. గుడ్డ బాల్చీ మీద ఉంది. ఆమె ముందు గుడ్డ అందుకుంది.

అంబులెన్సు వచ్చేసరికి నేల పొడిగా ఉంది. "కాలు జారింది" అని మాత్రం చెప్పింది ముసలావిడ. పొడి నేల మీద మనిషి ఎలా జారిందని ఎవరికీ అనుమానం రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేల నెత్తిన పడింది నింద. అదెలాగూ నోరెత్తదు. ఒరాలియాకి మాత్రం నెల రోజులుగా ముద్ద దిగడం లేదు. అత్తగారికి ఒళ్ళు తుడుస్తుంది, మలమూత్రాలు ఎత్తుతుంది, జావ తాగిస్తుంది. "ఎంత మంచి కోడలమ్మా!" అని వీధిలో అందరూ మెచ్చుకుంటుంటే చెంప మీద కొట్టినట్టుంటుంది. చర్చిలో పాపాలు ఒప్పుకోడానికి వెళ్ళి, పాదిరీ ఎదుట కూడా పిల్లల్ని కసిరానని చెప్పుకుని వచ్చేసింది తప్ప ఇది చెప్పలేదు.

పోనీ ముసలావిడ ఒప్పుకోదులే, నేల దక్కుతుందిలే అని లోలోపల ఒక ఆశ ఉండేది. కొడుకూ కూతురూ వెళ్ళి మంచం దగ్గర కూచుని అడిగారు. దోన్యా ఎనెదీనా గోడవైపు తిరిగి, "తీసెయ్యండి" అంది. ఎవరార్దో నమ్మలేక రెండోసారి అడిగాడు. "ఒకసారి చెప్తే అర్థం కాదా? తీసెయ్యమన్నాగా!" అని కసిరింది. నోఎమీ గెలిచినట్టు చూసింది.

సోమవారం పొద్దున్నే మేస్త్రీ వచ్చాడు. కొత్త టైల్స్ డబ్బాలు వరండాలో దించారు. మంచి మనిషే పాపం, పని మొదలుపెట్టబోతూ ఒక బిళ్ళని చేత్తో నిమిరి, "ఇలాంటివి ఇప్పుడు దొరకవు దొరా, ఇంకోసారి ఆలోచించుకోండి" అన్నాడు. ఎవరార్దో తల అడ్డంగా ఊపాడు. సుత్తి దెబ్బ పడింది.

ఒరాలియా జావ గ్లాసు పట్టుకుని అత్తగారి గదిలోకి పారిపోయింది. పారిపోవడమే, ఇంకో మాటెందుకు. తలుపు వేసినా దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి. ముసలావిడ కప్పు చూస్తూ పడుకుంది. దెబ్బ పడ్డప్పుడల్లా దుప్పటి మీద వేళ్ళు బిగుసుకుంటున్నాయి. నాలుగు దెబ్బలు. అయిదు. ఆరోది పడ్డాక ఒరాలియా ఇంక తట్టుకోలేకపోయింది.

"అత్తయ్యా, ఆపమని చెప్పండి. మీరు చెప్తే ఆపుతారు."

"ఎందుకు ఆపడం?"

"నేల తప్పు కాదు. నేనే... నూనె పూసి తుడవకుండా పోయాను. తోమాసా ఇంట్లో కాఫీ తాగుతూ కూచున్నాను. మీరు వద్దన్నారు కూడా. నావల్లే పడ్డారు మీరు." ఏడుస్తూ మంచం పట్టె మీద తల ఆనించింది.

బయట ఇంకో బిళ్ళ పగిలింది.

"అంతేనా?" అంది ముసలావిడ.

ఒరాలియా మొహం దుప్పటిలో దాచుకుంది.

"మిగతాది కూడా చెప్పు పిల్లా. నేను కళ్ళు మూసుకున్నాననుకున్నావు. ఈ ఇంటికొచ్చిన ఇరవై రెండేళ్ళలో నువ్వు మోకాళ్ళ మీద కూచుని ఆ నేలని సరిగ్గా తుడిచింది ఆ ఒక్క రోజే. నా చెప్పు అడుగు కూడా తుడిచావు."

ఒరాలియాకి భూమి రెండుగా చీలి అందులో పడిపోతే బాగుండుననిపించింది. ఏడుపు కూడా ఆగిపోయింది.

"మరి... ఎందుకు చెప్పలేదు మీరు? నేల తీసెయ్యమని ఎందుకన్నారు?"

"తప్పు నేలది కాదంటే ఎవరిదని వెతుకుతారు. నోఎమీ నిన్ను బతకనిస్తుందా? అది నా కూతురు, దాని నోరు నాకు తెలీదూ? నేనెంత, ఇంకో రెండేళ్ళో మూడేళ్ళో. నువ్వూ నా కొడుకూ ఇంకా చాలాకాలం ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి." ఆవిడ ఊపిరి తీసుకుంది. "కోపం లేదనుకునేవు. ఉంది. ఆయన చేత్తో చేసినవి అవి. ఒక్కో దెబ్బా ఇక్కడ తగులుతోంది. అయినా నోరు మూసుకున్నాను కదా, నువ్వూ మూసుకో. ఆ జావ ఇటియ్యి, చల్లారిపోతోంది."

ఒరాలియా గ్లాసు అందించలేదు. బల్ల మీద పెట్టేసింది. "ఒసేయ్, ఎక్కడికి? వెళ్ళకు! చెప్తున్నానా!" అని వెనక నుంచి ముసలావిడ అరుస్తూనే ఉంది. వినిపించుకునే స్థితిలో లేదు ఆమె. తలుపు తీసి, పొయ్యి మూలన పగిలిన పెంకుల మధ్యకి వెళ్ళి, మేస్త్రీ సుత్తి చేతిని రెండు చేతులతోనూ పట్టుకుంది. పదకొండు బిళ్ళలు పోయాయి అప్పటికి.

"ఏమైందే నీకు?" అంది నోఎమీ.

ఒరాలియా చెప్పింది. నూనె సంగతి చెప్పింది, చలి సంగతి చెప్పింది, కాఫీ సంగతి చెప్పింది, తోమాసా దగ్గర ఏమని నవ్విందో అది కూడా చెప్పింది. మేస్త్రీ మెల్లగా చెయ్యి విడిపించుకుని, సుత్తి కింద పెట్టి, తను అక్కడ ఉండకూడదన్నట్టు వరండాలోకి నడిచాడు.

ఎవరార్దో పగిలిన ముక్క ఒకటి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అతని మొహంలో కోపం ఇంకా రాలేదు. దారి వెతుక్కుంటోంది. "మరి అంబులెన్సు వాళ్ళొచ్చేటప్పటికి నూనె లేదేం?" అన్నాడు.

"తుడిచేశాను. ముందు నేల తుడిచి, తర్వాత ఫోన్ చేశాను."

"అమ్మ అక్కడే పడుందా?"

"ఉన్నారు."

"ఎంతసేపు తుడిచావు?"

అబద్ధం చెప్పొచ్చు. రెండు నిమిషాలనొచ్చు. ముసలావిడ ఆ గదిలోంచి అవునని వంత పాడుతుంది కూడా, అంత గుండె ఉంది ఆవిడకి. ఒరాలియా భర్త మొహంలోకి చూసింది.

"గదంతా అయ్యేదాకా" అంది.