బండి ఆమె పేరు మీద

"కోడికూర వండు. దవాఖానకు కూడా కట్టు. మన ఉప్పు తిన్న నోరు కేసు పెట్టదు" అన్నాడు జయరాజ్, అద్దంలో మీసం దువ్వుకుంటూ.

అతని భార్య తబిత ఉల్లిగడ్డలు కోసింది. దవాఖానలో ఉన్న మంగ్లిని కారుతో గుద్దింది అతను. ఆ మంగ్లికి వండేది, చండ్రుగొండ బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి సాయంత్రం బస్సులో కొత్తగూడెం పోయి తినిపించేది, తల దువ్వేది, మంచం కింద గిన్నె తీసి కడిగేది మాత్రం తబిత. మొన్న ఆదివారం చర్చిలో పాస్టరు గారు జయరాజ్‌ది దయగల మనసని అందరిచేతా స్తోత్రం చెప్పించారు. అత్త ఇన్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. పక్కనే నిలబడ్డ తబిత చేతులకు ఇంకా ఫినాయిల్ వాసన పోలేదు.

పర్ణశాలకు కిరాయి తోలి, తిరుగు దారిలో ఫోన్ మాట్లాడుతూ, మిరపచేనుకు నడిచిపోతున్న మంగ్లిని రోడ్డు పక్కన గుద్దాడతను. ఆమె మోకాలు నుజ్జయింది. "ఏదో బండి గుద్ది పోయింది, నేనే మోసుకొచ్చిన" అని దవాఖానలో చెప్పి పుణ్యాత్ముడైపోయాడు. స్పృహ వచ్చి మంగ్లి అతన్ని గుర్తుపట్టాక, కేసు వద్దని బతిమాలడానికి పెళ్లాన్ని పంపాడు.

ఎందుకంటే కారుకు ఇన్సూరెన్స్ లేదు. గడువు దాటిందని తబిత గుర్తు చేస్తూనే వచ్చింది. "నా బండి, నా ఇష్టం. గుద్దేటోడు కట్టుకోవాలె. నేనేమన్న గుద్దుతనా? కంపెనీలోల్లను మేపుడే గది" అని, ఆ డబ్బుతో కారులో పాటల పెట్టె పెట్టించాడు. నా బండి అనడమే గానీ, కారు వచ్చింది తబిత జీతం చూపించి తెచ్చిన అప్పుతో. అందుకే బండి ఆమె పేరు మీద ఉంది. "మా ఓనరమ్మ" అని నలుగురిలో వేళాకోళం చేసేవాడు. ఒకసారి ఆ ఓనరమ్మే, నాకూ నడపడం నేర్పండి అని అడిగింది. "స్టీరింగంటే చపాతీ కర్ర కాదే" అన్నాడు. మరిది ప్రభు పగలబడి నవ్వాడు. అప్పుడు తనూ నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రం మంగ్లి కోడికూర ముట్టలేదు.

"అక్కా, ఈ కాలు ఇగ వంగదంట. డాక్టరు చెప్పిండు. వంగకుంటే మిర్చి ఎట్ల ఏరాలె?"

తబిత ఆమె కాలి మీద దుప్పటి సర్దింది.

"బండికి ఇన్సూరెన్స్ ఉంటే నాకు నష్టపరిహారం వచ్చేదంట గదా. మా అన్న బద్యా అడిగొచ్చిండు. నిజమేనా?"

"అవ్."

"నేను మీ బండెక్కలే. నా తొవ్వల నేను పోతున్న. మీకు కట్ట బుద్ధిగాకుంటే నా కాలెందుకు పోవాలె?" మంగ్లి గొంతు పెంచలేదు. "నీ కూర మంచిగుంటదక్కా. కానీ తిన్నప్పుడల్లా నా నోరు నేనే కుట్టుకుంటున్నట్టుంటది."

తబిత డబ్బాకు మూత పెట్టి బస్సెక్కింది. మంగ్లికి నాలుగు ముద్దలతోనే ఆ సంగతి తెలిసిపోయింది. తను ఇన్నేళ్లుగా ఆ ఇంటి అన్నం, అదీ తను వండిన అన్నమే, తింటూ తెలుసుకోలేకపోయింది. మంగ్లి మీద జాలి కన్నా ముందు ఆమెలో ఇంకేదో కదిలింది. అది కోపమని ఒప్పుకోవడానికి బస్సు చండ్రుగొండ చేరేదాకా పట్టింది. ఒప్పుకున్నాక హాయిగా అనిపించింది.

మర్నాడు బద్యా ఫిర్యాదు ఇచ్చాడు. పోలీసులు కారును తీసుకెళ్లి స్టేషన్లో పెట్టి, వచ్చి కలవమన్నారు. ఇంట్లో ముగ్గురూ తబితను మధ్యలో కూర్చోబెట్టారు.

"నువ్వే నడిపినవని చెప్పు" అన్నాడు జయరాజ్. "బండి నీ పేరు మీదనే ఉందాయె. నేర్చుకుంటున్నది, నేను పక్కన కూసున్ననని చెప్త. ఆడమనిషివని ఎస్సై జాలిపడతడు."

"నా కొడుకు జైలుకు పోతే నేను బతకనే" అంది ఇన్నమ్మ.

కోడలు పోతే బతుకుతుందన్నమాట, అనుకుంది తబిత. పైకి మాత్రం "సరే" అంది.

ఆ పూట జయరాజ్ తన చేత్తో ఆమె కంచంలో కూర వడ్డించాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారి. తబిత కడుపు నిండా తింది.

స్టేషన్లో ఎస్సై ముందు అతనే మొదలుపెట్టాడు. "సార్, మా ఇంటామె కొత్తగ నేర్చుకుంటుండె..."

"ఆమెను చెప్పనీ" అన్నాడు ఎస్సై.

"బండి నాది సార్. నడిపింది ఈయన. ఫోన్ మాట్లాడుకుంట నడిపిండు. నాకు స్టీరింగ్ పట్టుడు కూడ రాదు. ఇన్సూరెన్స్ కట్టమని నేను మొత్తుకున్న, కట్టలే."

జయరాజ్ కుర్చీలోంచి సగం లేచి, అక్కడే ఆగిపోయాడు.

"ఇన్సూరెన్స్ లేని బండి రోడ్డెక్కుడే నేరం" అన్నాడు ఎస్సై. "కోర్టుల పూచీకత్తు పెడితేనే బండి ఇడుస్తరమ్మా. లేకుంటే వేలమేసి, ఆ పైసలు మంగ్లి పరిహారం కోసం జమ చేస్తరు."

"వేలమే వేయనీయుండ్రి. ఓనర్ని నేను. విడిపించనీకి సంతకం పెట్టను."

"పిచ్చి లేసిందా నీకు?" జయరాజ్ పళ్ల బిగువున అన్నాడు. "ఓనరువని నీ మీద కూడ కేసైతది. నీ జీతం గుంజుతరు!"

"గుంజనీ. ఇన్నేండ్లు నీకే పాయె. ఇప్పుడు కాలు పోయినామెకు పోతది."

అతన్ని 'నువ్వు' అనడం ఆమెకు అదే మొదలు. అతని మొహం మీద చెమట పట్టడం చూస్తూ, ఆ మాట నాలుక మీద ఎంత తేలిగ్గా ఉందో అనుకుంది. పాపం అనిపిస్తుందేమోనని కాసేపు ఆగింది. అనిపించలేదు.

ఆమె చెప్పింది రాయడం ముగించిన కానిస్టేబుల్ కాగితం ఆమె వైపు తిప్పాడు. "చదువుకుంటవా అమ్మా, నన్ను చదవమంటవా?"

"మీరే చదువుండ్రి" అంది తబిత, కుర్చీలో వెనక్కి ఆనుకుని. "గట్టిగ చదువుండ్రి. ఆయనకు వినపడాలె."